మునస్వామి గురువారాలు

మునస్వామి పోయి నలభై రెండు రోజులైనా ఆ ఇంట్లో నవ్వులు ఆగలేదు. తిరుపతిలో కొండ కిందున్న ఆ కాలనీకి కొత్తగా వచ్చినవాళ్లు ఎవరైనా ఆ గేటు ముందు నడిచి వెళితే, లోపల ఏదో శుభకార్యం జరుగుతోందనే అనుకుంటారు. పరామర్శకు వచ్చేవాళ్లు మొదట ఫోటోకు దండం పెట్టి, తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటారు. కాఫీ గ్లాసు చేతికి రాగానే "ఒకసారి ఏమైందంటే అక్కా..." అని అందుకుంటారు. ఆ గ్లాసు ఖాళీ అయ్యేలోగా వసారా అంతా నవ్వులే.

ఆయన అలాంటి మనిషి మరి. ముప్పై ఏళ్లు మామిడి మండీలో వేలంపాట పాడాడు. కాయల కుప్ప పక్కన నిలబడి, ఒక బేనీషా, అంటే బంగినపల్లి, కాయను చేతిలోకి తీసుకుని, "సూసినావా అప్పా, మీ మామ బుగ్గ మాదిరే ఉండాది, దీనికి మీసం ఒగటే తక్కువ" అని మొదలుపెడితే, కొనే ఉద్దేశం లేనివాడు కూడా చెయ్యి ఎత్తేవాడు. ఇంట్లోనూ అదే వరస. కోడలు నవీన కాపురానికి వచ్చిన కొత్తలో మామగారి ఎదుట నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తిరిగేది, సిగ్గుతో కాదు, నవ్వు ఆపుకోలేక.

ఆ మంగళవారం కూడా ఎప్పటిలాగే తెల్లవారింది. కొడుకు చక్రధర్ ఆఫీసుకు వెళ్లిపోయాడు. దేవకమ్మ వసారాలో పీట వేసుకుని, నానబెట్టిన అనపగింజలను పితుకుతోంది. పితికిపప్పు కూర అంటే ప్రాణం పెట్టే మనిషి పోయాక ఆ కూర చేయడం ఇదే మొదటిసారి. ఒక్కో గింజ తొక్కలోంచి జారి గిన్నెలో పడుతుంటే ఆమె కళ్లు నిండుతున్నాయి. మళ్లీ తనే ముక్కు చీదుకుని, ముదురు కాయలు అంటగట్టిందని అమ్మినామెను తిట్టుకుంటోంది. దేవకమ్మకు తిట్టడం ఊపిరి పీల్చుకోవడం లాంటిది. ఎవరినీ తిట్టని రోజున ఆమెకు ఒంట్లో బాగాలేదని ఇంట్లోవాళ్లు కనిపెట్టేవాళ్లు.

సరిగ్గా పది గంటలకు లోపల మునస్వామి ఫోను మోగింది. ఆ ఫోనుకు ఆమె రోజూ చార్జింగు పెడుతుంది. అది ఆగిపోతే ఆయన ఇంకోసారి పోయినట్టుంటుందని ఆమె భయం. చేతులు కొంగుకు తుడుచుకుని వెళ్లి చూస్తే తెరమీద "మందులంగడి" అని ఉంది. బీపీ మాత్రలు ఏవో చెప్పిపెట్టి ఉంటాడనుకుని ఎత్తి చెవికి పెట్టుకుంది. హలో అనేలోపే అవతల ఒక ఆడమనిషి గలగలా నవ్వింది.

"ఏమండీ మునస్వామిగారూ, రెండు నెలలు సెలవులిచ్చానని పాఠాలన్నీ మరిచిపోయారా? ఏదీ, మీ ఆవిడ పేరేమిటో చెప్పండి చూద్దాం!"

దేవకమ్మ ఫోను చెవి దగ్గరినుంచి తీసి తెరమీది పేరును మళ్లీ చూసుకుంది.

"చెప్పరేం? సరే, గురువారం రండి, అప్పుడు మీ పని పడతాను. మీకిష్టమని పుళియోదరై కూడా చేసి పెడతాను."

దేవకమ్మ ఫోను కట్ చేసింది. చేతికంటిన అనపతొక్క ఒకటి ఫోను అద్దానికి అతుక్కుంది. దాన్ని తీసేయాలని కూడా ఆమెకు తోచలేదు. నలభై ఒక్క ఏళ్లు కాపురం చేసిన మొగుణ్ని ఎవతో ఫోను చేసి, నీ పెళ్లాం పేరేమిటి అని ముద్దుముద్దుగా అడుగుతోంది. పెళ్లాం పేరు మరిచిపోయేంత మురిపెం ఆ ఇద్దరి మధ్యా ఉందన్నమాట.

"ఏమ్మే నవీనా! ఇట్ల రా!" అని కేక పెట్టింది.

నవీన వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏంది అత్తా?"

"ఈ నెంబరు మీ మామకు ఎన్నిసార్లు వచ్చిందో సూడు."

నవీన వేలితో తెరను జరుపుతూ పోయింది. జరిపేకొద్దీ ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. "రోజూ వచ్చింది అత్తా, పొద్దున పది గంటలకే. రెండు నెలల కింద నిలిచిపోయింది. అంతకుముందు ఒక్క దినం కూడా తప్పలా."

"ఆయన ఉన్నప్పుడు పది గంటలకు నేను యాడుండేదాన్ని?"

ఆ సంగతి నవీనకు తెలియంది కాదు. పది గంటలకు అత్త స్నానానికి వెళ్లేది. ఆ తర్వాత దేవుడి గదిలో అరగంట. మామ పోయాక ఆ వేళలన్నీ తారుమారయ్యాయి గానీ, అంతకుముందు గడియారం తప్పినా ఆమె తప్పేది కాదు.

"మందులంగడోళ్లేమో అత్తా. ఏదో పొరపాటున..."

"మందులంగడామె పుళియోదరై చేసి పెడతాదా?"

ఆ మాట అంటుండగానే దేవకమ్మకు ఆయన గురువారాలు గుర్తుకొచ్చాయి. రెండేళ్లుగా మునస్వామి ప్రతి గురువారం కార్వేటినగరం దగ్గరున్న తమ మామిడితోటకు వెళ్లేవాడు. సాయంత్రం వస్తూ వస్తూ ఆకులో కట్టిన పుళియోదరై, అదే అయ్యంగార్ల పులిహోర, తెచ్చి, "గుడి ప్రసాదం, కండ్లకద్దుకో" అని చేతిలో పెట్టేవాడు. మిరియాలు, ఇంగువ దట్టించిన ఆ పులిహోరను ఆమె కళ్లకద్దుకుని మరీ తినేది. వచ్చే వారం ఇంకో పొట్లం ఎక్కువ తెమ్మని తనే నోరు తెరిచి అడిగింది కూడా.

వెంటనే తోట చూసుకునే చిన్నబ్బకు ఫోను చేసింది.

"చిన్నబ్బా, మీ అన్న గురువారం తోటకు వస్తే ఎంతసేపు ఉండేవాడు?"

"అన్నా? అన్న తోటలో కాలు పెట్టి రెండేండ్లు దాటింది గదక్కా. కాపు సంగతంతా ఫోన్లోనే."

"మరి గురువారం గురువారం యాడికి పోయేవాడు?"

అవతల చిన్నబ్బ నసిగాడు. "నాకేం తెల్సు అక్కా."

"నీకు తెల్సు. చెప్పకపోతే నా మింద ఒట్టు."

"పోయినోడి మింద ఎందుకులే అక్కా... పుత్తూరు బస్టాండులో ఒగసారి సూసినా. ఒకామె ఉండె. నామం పెట్టుకోని, పెద్దింటామె మాదిరి. అన్న చెయ్యి పట్టుకోని రోడ్డు దాటిస్తా ఉండె. బాగుండదని నేను పలకరించలే."

దేవకమ్మ ఫోను పక్కన పెట్టి పీట మీద కూలబడింది. ఇక ఆమె మనసు ఊరుకోలేదు. ఒక్కొక్కటీ తవ్వుకుంటూ పోయింది. రెండేళ్ల కిందట, కాయల కాలం మంచి ఊపులో ఉండగా, ఆయన ఉన్నట్టుండి మండీ మానేశాడు. గొంతు పోయిందన్నాడు. ఇంట్లో పొద్దస్తమానం వాగే మనిషికి గొంతు ఎక్కడ పోయింది? ఆ తర్వాతే ఆమె మీద ఎక్కడలేని ముద్దూ పుట్టుకొచ్చింది. పెళ్లయినప్పటినుంచీ "దేవకీ" అని పిలిచినవాడు, రోజుకొక కొత్త పేరు పెట్టడం మొదలుపెట్టాడు. ఒకనాడు "కలెక్టరమ్మా", ఒకనాడు "మైసూరు మహారాణీ", ఇంకొకనాడు "ఏమమ్మా పట్టపుదేవీ". అరవై ఏండ్లొచ్చినాక ఈ వేషాలేంది అని కసిరింది గానీ, లోపల్లోపల పొంగిపోయింది పిచ్చిది. తప్పు చేసే మగవాడికే పెళ్లాన్ని అంత గోముగా పిలవాల్సిన అవసరం ఉంటుందని ఇప్పుడు తెలిసొచ్చింది.

సాయంత్రం చక్రధర్ హుషారుగా వచ్చాడు. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టాడు. "అమ్మా, ఆదివారం మండీలో నాయన సంస్మరణ సభ. మోహనన్న అంతా చూసుకుంటా ఉండాడు. ఐదు వందల మంది వస్తారంట. నాయన ఫోటోకు కప్పిన తెర నువ్వే తీయాల."

మోహన్ ఆ మండీ యజమాని. మునస్వామిని సొంత అన్న అన్నట్టే చూసుకున్నవాడు. ఇంకోరోజైతే ఈ మాటకు దేవకమ్మ మురిసిపోయేది.

"నేను రాను," అంది.

"ఏం? ఒంట్లో బాగలేదా?"

"మీ నాయన గురువారం గురువారం ఎవురింటికి పోయినాడో కనుక్కోని చెప్పు. అప్పుడొస్తా."

చక్రధర్ నవీన వైపు చూశాడు. నవీన తల వంచుకుని జరిగిందంతా చెప్పింది. వింటున్నకొద్దీ అతని ముఖం ఎర్రబడింది.

"అమ్మా! నీకు మతి ఉండే మాట్లాడతా ఉండావా? నాయన పోయి యాభై దినాలు కాలేదు. ఊరంతా ఆయన్ని తలచుకుంటా ఉంటే, నువ్వు ఆయన ఫోను తిరగేసి తప్పులు వెతుకుతా ఉండావా?"

"ఊరికేమిరా! ఊరికి నవ్విచ్చేవాడు పోయినాడు, ఇంకోడొస్తాడు. నాకు మొగుడు పోయినాడు. ఆ మొగుడు నావాడా కాదా అని నేను తెలుసుకోవద్దా?"

"తెలుసుకోని ఏం చేస్తావు? పోయినోడ్ని లేపి అడుగుతావా?"

"ఆయన్ని అడగలేను గాబట్టే ఆమెను అడుగుతా."

"ఆ ఫోను నాకియ్యి. నెంబరు తీసేస్తా, నీకు పీడా పోతాది."

అతను చెయ్యి చాచేలోపే దేవకమ్మ ఫోను నడుముకు దోపుకుంది. "ఇంకొక అడుగు ముందుకెయ్యి సూస్తా. నలభై ఒక్క ఏండ్లురా! ఆ కాపురం నిజమో అబద్ధమో తేలేదాకా ఆయన ఫోటోకు నేను దండెయ్యను. ఎవురెట్లన్నా అనుకోనీ."

"నువ్వు రాకపోతే సభ ఎందుకు? వొద్దని చెప్పేస్తా!" అని చక్రధర్ విసురుగా లోపలికి పోయాడు. ఆ పూట ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. పొద్దున్నించీ కష్టపడి పితికిన పప్పు కూర గిన్నెలో అలాగే ఉండిపోయింది.

మర్నాడు నవీన ధైర్యం చేసింది. తన ఫోనులోంచి ఆ నెంబరుకు చేసి, మునస్వామిగారి ఇంటినుంచి మాట్లాడుతున్నామని, గురువారం వస్తామని చెప్పి దారి అడిగింది. అవతలామె ఏమాత్రం తడబడకుండా, "కార్వేటినగరంలో పాత కోట వెనక వీధిలో నారాయణి టీచరు ఇల్లెక్కడని అడగండి, ఎవరైనా చూపిస్తారు" అంది.

"సూసినావా, భయం గూడా లే," అంది దేవకమ్మ పళ్లు కొరుకుతూ.

గురువారం పొద్దున చక్రధర్‌కు చెప్పకుండా అత్తాకోడళ్లు బస్సెక్కారు. పుత్తూరులో దిగి ఇంకో బస్సు మారారు. దారిపొడుగునా దేవకమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఏమేమి అడగాలో, ఎట్లా దులిపెయ్యాలో, ఏ మాటకు ఏ మాట అనాలో కూర్చుకుంటోంది. వీధిలో నలుగురినీ పోగెయ్యాలా వద్దా అన్నది ఒక్కటే తేలలేదు.

చిన్న పెంకుటిల్లు. వాకిట్లో పిండితో వేసిన ముగ్గు. తలుపు తీసిన మనిషికి డెబ్బై ఏళ్లకు దగ్గర పడి ఉంటాయి. సన్నగా, కళ్లజోడుతో, నుదుట నామంతో, చూడగానే పిల్లలు చేతులు కట్టుకునేలా ఉంది. కూర్చుకొచ్చిన మాటల్లో సగం దేవకమ్మకు అక్కడే జారిపోయాయి. నారాయణి మాత్రం వీళ్ల ముఖాలు కూడా సరిగా చూడకుండా, వాళ్ల భుజాల మీదుగా వీధిలోకి చూసింది.

"రండి, రండి. ఆయనేరీ? బస్టాండులో ఒక్కరినే వదిలి వచ్చారా? అయ్యయ్యో, అలా వదలకూడదమ్మా!"

"ఆయన యాడా లేడు," అంది దేవకమ్మ. "పోయినాడు. నలభై నాలుగు దినాలైంది."

నారాయణి గడప పట్టుకుంది. "ఎలా? దారి తప్పిపోయారా?" అని అడిగింది.

ఆ ప్రశ్న దేవకమ్మకు అర్థం కాలేదు. "దారి తప్పేదేంది? పెరట్లో ముఖం కడుక్కుంటా గుండె ఆగి పోయినాడు."

"ఇంట్లోనే కదా? మీరంతా దగ్గరున్నారు కదా?" నారాయణి రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుంది. "స్వామి దయ తల్చాడు. ఆయన భయపడినట్టు జరగలేదు."

దేవకమ్మకు ఒళ్లు మండింది. "దండాలు పెట్టింది సాలు గానీ నాకు జవాబు చెప్పు. నా మొగుడితో నీకేం పని? రోజూ నేను స్నానానికి పోయే వేళకు ఫోన్లేంది? బస్టాండులో చేతులు పట్టుకునేదేంది? పెండ్లాం పేరేందని సరసమాడేదేంది? సదువుకున్నదానివి, నామం పెట్టుకున్నదానివి, నీకు సిగ్గనిపించలేదా?"

నవీన అత్త చెయ్యి పట్టుకుని లాగింది. నారాయణికి మాత్రం కోపం రాలేదు. కళ్లజోడు తీసి, దేవకమ్మనే కన్నార్పకుండా చూస్తూ, "మీకు చెప్పలేదా? చివరిదాకా చెప్పకుండానే వెళ్లిపోయారా?" అంది.

"ఏం చెప్పాల?"

నారాయణి లోపలికి వెళ్లి బడిపిల్లలు రాసుకునే నోటుపుస్తకం ఒకటి తెచ్చి దేవకమ్మ చేతిలో పెట్టింది. మొదటి పేజీలో మునస్వామి రాత. మండీలో బస్తాల మీద రాసి రాసి లావైపోయిన ఆ అక్షరాలు ఆమెకు తెలియనివి కావు.

"నా పేరు మునస్వామి. మాది తిరుపతి. నా కొడుకు చక్రధర్. కోపం ఎక్కువ, మనసు వెన్న. కోడలు నవీన. మా ఇంటామె దేవకి. తిడతాది. మంచిది."

తర్వాతి పేజీలోనూ అవే మాటలు. ఆ తర్వాత కూడా అవే. పైన వారం వారం తారీఖులు. పేజీలు తిప్పేకొద్దీ అక్షరాలు వంకర తిరిగాయి. ఒకచోట "మా ఇంటామె" అని రాసి, ఆ పక్కన ఖాళీ వదిలేశాడు. కలం ఆనించి ఆనించి ఆ చోట కాగితం చిరిగింది. దాని వెనక పేజీలో పైనుంచి కిందిదాకా "దేవకి దేవకి దేవకి" అని ఒకటే పేరు.

"మా ఆయన దేవనాథన్ గారు గుడి కైంకర్యంలో ఉండేవారు," అంది నారాయణి మెల్లగా. "ఈ మతిమరుపు జబ్బుతోనే ఎనిమిదేళ్లు మంచాన ఉండి పోయారు. ఆఖర్న నన్నే అమ్మా అని పిలిచేవారు. రెండేళ్ల కిందట మా నాలుగు చెట్ల కాయలు వేసుకుని మీ మండీకి వచ్చాను. మునస్వామిగారు పాట పాడుతున్నారు. మంచి జోరులో ఉండగా ఉన్నట్టుండి ఆగిపోయి, చేతిలో ఉన్న కాయను అటూ ఇటూ తిప్పి, 'ఏం కాయప్పా ఇది?' అని అడిగారు. మండీ మండీ అంతా పడీపడీ నవ్వింది. నేను నవ్వలేదు. ఆ చూపు నాకు తెలుసు."

దేవకమ్మ అరుగు మీద కూర్చుంది.

"జనం పోయాక నన్ను వెతుక్కుంటూ లారీ వెనక్కి వచ్చారు. 'అందరూ నవ్వినారు, నువ్వెందుకు నవ్వలేదమ్మా?' అన్నారు. చెప్పాను. చంటిపిల్లాడిలా ఏడ్చారు. వేలూరులో చూపించుకుంటే డాక్టర్లూ అదే అన్నారు. అప్పటినుంచి గురువారం గురువారం ఇక్కడికి వచ్చి పేర్లు రాసేవారు. పుత్తూరులో బస్సు మారడం కష్టమని నేనే వెళ్లి తీసుకొచ్చేదాన్ని, మళ్లీ తిరుపతి బస్సెక్కించి కండక్టరుకు చెప్పి పంపేదాన్ని. రోజూ పదింటికి ఫోను చేసి అడిగేదాన్ని. మా అమ్మాయి పురిటికని మైసూరు వెళుతుంటే, 'సెలవుల్లో అయ్యవారు ఫోన్ చేస్తే పిలకాయలు ఇల్లిడిచి పారిపోతారు, మీరు పాపను చూసుకోండి' అని నవ్వించి పంపారు. రెండు నెలలకు గానీ రాలేకపోయాను."

"అత్తా," అంది నవీన. "పక్కింటి పాపకు చెవులు కుట్టిచ్చిన దినం... మామ నన్ను చూపిచ్చి, ఈ బిడ్డ ఎవురింటి బిడ్డ, కళగా ఉండాది అన్నాడే. మనమందరం నవ్వినాం. నేను కూడా నవ్వినానత్తా!"

దేవకమ్మకు ఆ రోజు కళ్లముందు కదిలింది. అది ఒక్కటేనా? మండీ మానేశాక ఈ రెండేళ్లలో ఆయన ఎన్నిసార్లు తడబడ్డాడో, అన్నిసార్లూ ఇల్లు నవ్వుతో నిండిపోయింది. ఇంకెవరైనా ఒక్కసారి అలా మాట్లాడితే డాక్టరు దగ్గరికి తీసుకుపోదురు. మునస్వామి మాట్లాడితే పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుల మధ్య ఆయన ఒక్కడే బిక్కచచ్చి నిలబడి ఉంటాడని ఎవరికీ తోచలేదు.

"కలెక్టరమ్మా అనేవాడు," అంది దేవకమ్మ. "మైసూరు మహారాణీ అనేవాడు. నేను పొంగిపోతి. నా పేరు గుర్తుకు రాక..."

"ఆ ఉపాయం ఆయనదే. 'పేరు తోచకపోతే కొత్తది పెట్టేస్తానమ్మా, నా గుట్టు దాగుతాది, ఆమెకు సంతోషంగా ఉంటాది' అనేవారు."

దేవకమ్మకు ఏడుపు రావాల్సిన చోట మళ్లీ కోపం వచ్చింది. అనుమానం పోయింది గానీ, అది పోయిన చోట ఇంకోటి వచ్చి కూర్చుంది. "నీకు చెప్పినాడు. నాకెందుకు చెప్పలే? నలభై ఒక్క ఏండ్లు కలిసి బతికినదాన్ని. నేను పరాయిదాన్నయిపోయినానా?"

"చెప్పమని ఎన్నిసార్లు పోరానో! వినలేదు. 'దేవకికి తెలిస్తే ఆ పొద్దునించి నన్ను తిట్టదమ్మా. మెల్లంగా మాట్లాడతాది, అన్నం కలిపి పెడతాది. ఆమె తిట్టినంత కాలం నేను మునస్వామిని. తిట్టడం మానేసిన పొద్దు రోగినైపోతా' అన్నారు."

దేవకమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆయన పోయిన రోజు పొద్దున చొక్కా తిరగేసి వేసుకొచ్చాడు. "కండ్లు యాడ పెట్టుకున్నావయ్యా? రేపు పంచ గూడా తలకు సుట్టుకోనొస్తావు" అని అరిచింది. ఆయన హాయిగా నవ్వి పెరట్లోకి వెళ్లాడు. మళ్లీ రాలేదు. పోయే మనిషిని తిట్టి పంపానే అని నలభై నాలుగు రోజులుగా ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతోంది. ఇప్పుడు ఆ అరుగు మీద, ఇంతవరకు శత్రువనుకున్న మనిషి ఒడిలో తల పెట్టి, బిగ్గరగా ఏడ్చింది. నారాయణి ఆమె వీపు నిమురుతూ కూర్చుంది.

ఆ మధ్యాహ్నం ముగ్గురూ ఆకులు వేసుకుని పుళియోదరై తిన్నారు. దేవకమ్మ రెండోసారి అడిగి పెట్టించుకుంది.

ఇంటికి వచ్చేసరికి చక్రధర్ వాకిట్లో తిరుగుతున్నాడు. ఎక్కడికి పోయారని గద్దించబోయి, తల్లి ముఖం చూసి ఆగిపోయాడు. దేవకమ్మ నోటుపుస్తకం అతని చేతిలో పెట్టింది. అతను నిలబడే చదివాడు. "కోపం ఎక్కువ, మనసు వెన్న" అన్నచోట అతని వేలు ఆగిపోయింది. నవీన మిగతాదంతా చెప్పేసరికి మెట్ల మీద కూర్చుండిపోయాడు.

"నేనూ నవ్వినానమ్మా," అన్నాడు. "పోయిన ఉగాదికి నన్ను చూసి, ఏం సారూ, ఎవురు కావాల అన్నాడు. నేను గూడా అందుకోని, మునస్వామి ఇంటికి వచ్చినా సార్ అన్నా. నేనూ నాయనా ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన నిజంగానే అడిగినాడమ్మా!"

దేవకమ్మ కొడుకు తల పొట్టకు ఆనించుకుంది. "నేనేం తక్కువ తిన్నానా? పోయినోడి మింద నిందేసినా. నువ్వన్నా నాయన్ను నమ్మినావు."

"ఆదివారం అందరికీ చెప్పేస్తా. వాళ్లు కూడా తెలుసుకోవాల."

"వొద్దు నాయనా. అంత కష్టపడి దాచుకున్నాడు. వాళ్లకు ఆయన్ని అట్లనే ఉండనీ. నేనొస్తా. ఫోటో తెర నేనే తీస్తా."

ఆదివారం మండీ షెడ్డు కిటకిటలాడింది. కాయలు లేని కాలం కాబట్టి నేలంతా జంపఖానాలు పరిచారు. వేలంపాట పాడే చోటే వేదిక కట్టారు. నారాయణి వచ్చి ఆడవాళ్ల వరసలో నవీన పక్కన కూర్చుంది. ఒక్కొక్కరే లేచి మునస్వామిని తలచుకున్నారు. చివరికి మోహన్ మైకందుకున్నాడు.

"అన్న జోకులు వెయ్యి ఉండాయి. నాకు ప్రాణమైంది ఒగటుంది. రెండేండ్ల కింద, మంచి సీజన్లో, పాట పాడతా పాడతా ఆగిపోయినాడు. ముప్పై ఏండ్లు కాయల్లో బతికినోడు, బేనీషా కాయ చేతిలో పెట్టుకోని, 'ఏం కాయప్పా ఇది?' అన్నాడు! ఆ ముఖం సూడాలప్పా, నిజంగా తెలీనోడి మాదిరే పెట్టినాడు. యాక్టర్లు పనికిరారు!"

షెడ్డు పగలబడి నవ్వింది. చక్రధర్ తల దించుకున్నాడు. నవీన నారాయణి చెయ్యి గట్టిగా పట్టుకుంది. దేవకమ్మ మాత్రం అందరి ముఖాలూ చూస్తూ కూర్చుంది. ఎవరి మీదా కోపం రాలేదు. వీళ్లంతా ఆయన్ని ప్రేమించినవాళ్లే.

"అక్కా, తెర తీసి నువ్వూ రెండు మాటలు చెప్పాల," అన్నాడు మోహన్.

దేవకమ్మ తెర తీసింది. పూలదండలో మునస్వామి నవ్వుతున్నాడు. ఇంట్లో అనుకున్న రెండు మాటలు ఇవే: వచ్చినవారికి దండాలు, మోహన్‌కు దండాలు. ఆ ముఖం చూడగానే అవి రెండూ ఎగిరిపోయాయి. మోహన్ చేతిలోని మైకు అందుకుని, జనానికి వీపు పెట్టి ఫోటో వైపు తిరిగింది.

"ఏమయ్యో! అందర్నీ నవ్విచ్చి పోయినావు, సంతోషమేనా? ఊరంతా వాగే నోరు, నా దగ్గరికొచ్చేసరికి మూసుకున్నావే, మోసగాడా! ఒగ మాట నాతో చెప్పుంటే నీ సొమ్మేం పోయింది? నేను తిట్టడం మానేస్తానని ఎవురు చెప్పినారయ్యా నీకు? నా సంగతి అంతేనా నీకు తెలిసింది?"

వెనక నవ్వు మొదలైంది. ఆమెకు వినబడలేదు.

"అన్నం కలిపి నోట్లో పెడతానే తిట్టిందును. చెయ్యి పట్టుకోని రోడ్డు దాటిస్తానే తిట్టిందును. నా పేరు మర్చిపోయింటే దినానికి నూరు తూర్లు చెప్పిందును, నూరు తూర్లూ తిట్టిందును! నేనెవురో తెలీకుండా పోయినా, ఎవురీమె ఇట్ల తిడతాది అని నువ్వు అనుకునేదాకా తిట్టిందును గదయ్యా!"

షెడ్డంతా ఘొల్లుమంది. చప్పట్లు మోగాయి. ముందు వరసలో ఒక పెద్దాయన తొడ చరుచుకుని మరీ నవ్వాడు. మోహన్ తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటూ పక్కనున్నవాడితో, "సూసినావా, అక్క గూడా అన్న మాదిరే తమాషా మనిషి. ఇన్నేండ్లూ మనకు తెలీనేలేదప్పా," అన్నాడు.

చక్రధర్ వేదిక ఎక్కి తల్లి భుజం పట్టుకున్నాడు. ఆమె మైకు వదల్లేదు. జనం నవ్వుతూనే ఉన్నారు, దేవకమ్మ తిడుతూనే ఉంది.